కథ చదివే గొంతు

మా చెల్లి పెళ్ళి శుభలేఖని అచ్చుకి ఇచ్చే ముందు అమ్మ మూడుసార్లు దిద్దింది. ముప్ఫై రెండేళ్ళుగా బడిపిల్లల కాపీపుస్తకాలు దిద్దిన చెయ్యి అది. ‘ఆశీర్వదించ’లో ‘శీ’ బదులు ‘సీ’ పడితే ఎర్ర పెన్నుతో చుట్టి, ప్రెస్సుకి మళ్ళీ మనిషిని పంపింది. అది 1999. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. పెళ్ళి ఖర్చు అమ్మ ప్రావిడెంట్ ఫండు లోంచి వచ్చింది. మండపం అడ్వాన్సు, వంటవాళ్ళ బేరం, మగపెళ్ళివారి విడిది, అన్నీ తనే మాట్లాడింది. శుభలేఖలో ‘ఆహ్వానించువారు’ అన్నచోట మాత్రం బాబాయి పేరు, పిన్ని పేరు పడ్డాయి. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది కూడా వాళ్ళిద్దరే.

మంగళసూత్రాలు పెట్టిన పళ్ళెం అందరి చేతా ముట్టించి తీసుకురమ్మని పురోహితుడు నాకిచ్చాడు. అక్కగారిని కదా. ఒక్కొక్కరి దగ్గరికీ వెళుతుంటే కళ్ళకద్దుకుని దీవిస్తున్నారు. అమ్మ భోజనాల హాలు గుమ్మం దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నేను అటువైపు రావడం చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి తిరిగి వెళ్ళిపోయింది. నేను ఆగలేదు. పళ్ళెం తీసుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయాను. అప్పటికే నేను మహిళా కళాశాలలో లెక్చరర్ని. ఆడపిల్లలకి రాజ్యాంగం, సమానత్వపు హక్కు పాఠాలు చెబుతున్నాను.

తర్వాత చాలా రోజులకి ఈ మాట ఇంట్లో ఎత్తితే మా పిన్ని ఒకటే అంది. “మేమెవరం వద్దన్నామే? అక్కయ్యే తప్పుకుంది.” నిజమే. ఎవరూ వద్దనలేదు. అక్కడే నాకు నిద్ర పట్టనిది. ఒక హెడ్మిస్ట్రెస్, జిల్లా విద్యాధికారి ముందు నిలబడి తన బడికి రావలసిన గదుల కోసం పోట్లాడిన మనిషి, తన డబ్బుతో జరుగుతున్న తన కూతురి పెళ్ళిలో, ఎవరూ చెప్పకుండానే, తన నీడ పడకూడదని తప్పుకుంది. ఆవిడకి చదువు లేకనా?

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే. ఆడపిల్లని చదివిస్తే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయని మన ఇళ్ళలో అందరూ నమ్ముతారు. నేనూ పాతికేళ్ళు ఆ నమ్మకం మీదే పాఠాలు చెప్పాను. ఇప్పుడు అంత తేలిగ్గా నమ్మలేకపోతున్నాను.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా అమ్మమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు. బడికి పోలేదు. అక్షరాలు నేర్పింది వాళ్ళ తాతగారు, భాగవతం కోసం. ఆడపిల్లకి చదువెందుకన్నవాళ్ళతో “దేవుడి పుస్తకం చదువుకుంటుంది, తప్పేముంది?” అనేవాడట ఆయన. రాయడం నేర్పలేదు. ఉత్తరం రాసే ఆడది చెడిపోతుందని ఆయనకీ భయమే. అలా మా అమ్మమ్మకి చదువు మతం చేతుల మీదుగా వచ్చింది, మతం ఎంతవరకు చాలనుకుందో అంతవరకే వచ్చింది.

అయినా ఆ వీధిలో చదవడం వచ్చిన ఆడమనిషి అమ్మమ్మ ఒక్కర్తే. శ్రావణ శుక్రవారం వస్తే ముందు ఒక ఇంట్లో, తర్వాత ఇంకో ఇంట్లో, పొద్దుటినుంచీ వరలక్ష్మీ వ్రతకథ చదివేది. కథాక్షతలు చేతిలో పట్టుకుని అందరూ చుట్టూ కూర్చునేవారు. మగధ దేశం, కుండిన నగరం, చారుమతి. లక్ష్మీదేవి వచ్చి కనబడింది ఏ రాజుకీ కాదు, పురోహితుడికీ కాదు, ఒక మామూలు ఇల్లాలి కలలో. చారుమతి తన ఒక్కదానికే దాచుకోకుండా ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పిలిచి పూజ చేసింది. మొదటి ప్రదక్షిణకి కాళ్ళకు గజ్జెలు ఘల్లుమన్నాయి అన్న చోట అమ్మమ్మ గొంతు పెంచేదట. పిల్లలు తమ కాళ్ళు చూసుకునేవారట.

1958లో మా తాతయ్య పోయాడు. ఆ శ్రావణంలో అమ్మమ్మని ఎవరూ పిలవలేదు. పుస్తకం అదే, కథ అదే, గొంతు అదే. కానీ ఆ గొంతు ఇప్పుడు పేరంటంలో వినబడకూడదు. మరి చదివేదెవరు? వీధిలో ఇంకెవరికీ రాదు. అందుకని వాళ్ళు ఆరో తరగతి చదువుతున్న మా అమ్మని తీసుకెళ్ళారు. పన్నెండేళ్ళ పిల్ల వాళ్ళమ్మ కూర్చునే చోట కూర్చుని కథ చదివింది. తిరిగొచ్చేటప్పుడు కొంగులో పోసిన నానబెట్టిన శనగలు ఇంటికి తెస్తే అమ్మమ్మ “ఎక్కడా తడబడలేదు కదా?” అని అడిగిందట. అంతే. అమ్మ ఈ సంగతి నాకు చెప్పింది తను రిటైరయ్యాక. చెబుతూ, “నాకప్పుడు గర్వంగా ఉందే, పెద్దవాళ్ళలో కూర్చోబెట్టారని” అంది. అంతకంటే ఇంకేమీ అనలేక చాలాసేపు ఊరుకుంది.

చదువు గురించి మాట్లాడేవాళ్ళకి నేను ఈ రెండు బొమ్మలూ చూపిస్తాను. చదివే ఆడది ఒకచోటి నుంచి లేచింది, చదివే ఆడపిల్ల అదే చోట కూర్చుంది. అక్షరం ఎటూ పోలేదు. దాన్ని ఎవరు చదవవచ్చో తేల్చే అధికారం మాత్రం ఆ అక్షరంతో పాటు రాలేదు.

మన తెలుగునాట స్త్రీవిద్య మొదలైన తీరు చూస్తే ఇది ఎందుకిలా జరిగిందో కొంత అర్థమవుతుంది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1883లో ఆడవాళ్ళ కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. దాని పేరు ‘సతీహితబోధిని’. ఆ పేరు చూడండి. సతికి హితం బోధించేది. ఇల్లు దిద్దుకోవడానికి, భర్తకు తగిన తోడుగా ఉండడానికి, పిల్లల్ని సరిగ్గా పెంచడానికి చదువు. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన్నీ, ఆయనతో ఉన్నవాళ్ళనీ వెలివేశారు. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తనే నీళ్ళు మోసుకొచ్చింది. పెళ్ళి కావలసిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకింది. మా తాతయ్య పోవడానికి డెబ్బై ఏడేళ్ళ ముందే ఈ పని జరిగింది, రేపల్లెకి దాని గాలి సోకలేదు.

ఆయన చదువుని ఇంటికి పనికొచ్చే వస్తువుగా చూపించి లోపలికి తీసుకెళ్ళాడు. అలా చూపించకపోతే ఏ ఇంటి తలుపూ తెరుచుకునేది కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ అలా లోపలికి వచ్చిన చదువు అలాగే ఉండిపోయింది. ఇవాళ కూడా పెళ్ళి సంబంధాల్లో “పిల్ల చదువుకుంది, రేపు పిల్లలకి తనే చెప్పుకుంటుంది” అనే మాట వినని ఇల్లు లేదు.

వీరేశలింగం తర్వాత తరంలో భండారు అచ్చమాంబ వచ్చింది. 1874లో పుట్టి 1905లో, ముప్ఫై ఏళ్ళకే పోయింది. చిన్నప్పుడే పెళ్ళి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన దగ్గరుండి చదువుకుంటుంటే అతని పక్కన కూర్చుని నేర్చుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని స్త్రీల జీవితచరిత్రలు రాసింది. ఆడవాళ్ళు పుట్టుకతోనే బుద్ధిహీనులనీ, చదువు వాళ్ళని చెడగొడుతుందనీ అనేవాళ్ళకి సమాధానంగా, ఇదిగో చరిత్ర, ఇదిగో ఇంతమంది అని పేర్లు పెట్టి చూపించింది. ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. మచిలీపట్నంలో 1902లో బృందావన స్త్రీ సమాజం అలా మొదలైందే. భర్తకి పనికొస్తుందన్న మాటని ఆవిడ ఆసరా చేసుకోలేదు. ఆడవాళ్ళ మీద వేసిన నింద అబద్ధమని తేల్చడానికి చదువుని వాడింది. ఈ రెండు చదువులకీ చాలా దూరం ఉంది. మన పాఠశాలలు మొదటిదాన్ని అందుకున్నాయి. రెండోది ఇప్పటికీ అప్పుడప్పుడూ, ఎవరో ఒక టీచరు పుణ్యమా అని మాత్రమే దొరుకుతోంది.

ఇది వాదన కోసం చెబుతున్నానని అనుకునేవాళ్ళు జనాభా లెక్కలు చూడండి. 1991లో మన దేశంలో ఆడవాళ్ళ అక్షరాస్యత 40 శాతం కూడా లేదు. 2011 నాటికి 65 శాతం దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఇంత పెరగడం చిన్న విషయం కాదు. అదే ఇరవై ఏళ్ళలో ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకీ ఆడపిల్లలు 945 నుంచి 927కి, అక్కణ్ణుంచి 920 లోపుకి పడిపోయారు. స్కానింగులో ఆడామగా చెప్పకూడదని 1994లో చట్టం తెచ్చిన తర్వాతి మాట ఇది. స్కానింగు సెంటరుకి వెళ్ళి, డబ్బు కట్టి, రిపోర్టు చదువుకోగలిగిన ఇళ్ళు ఈ లెక్కలో ఉన్నాయి. చదువు వాళ్ళకి తెలివిచ్చింది. ఆ తెలివితో ఏం చెయ్యాలో మాత్రం పాత నమ్మకమే చెప్పింది. కొడుకు తలకొరివి పెట్టాలి, వంశం నిలబడాలి.

కట్నం సంగతీ అంతే. తెలుగునాట చాలా కష్టజీవుల కులాల్లో ఒకప్పుడు మగవాడే ఆడపిల్ల తండ్రికి ఓలి ఇచ్చుకుని పెళ్ళి చేసుకునేవాడు. భర్త పోతే మారుమనువు తప్పు కాదు. మా అమ్మమ్మ పడ్డ శిక్ష ఆ పొలం గట్టుకి అవతలి వాడలో ఉన్న ఆడవాళ్ళకి లేదు. తర్వాత నీళ్ళొచ్చాయి, పంట పెరిగింది, పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలొచ్చాయి. వాటితో పాటు ఓలి పోయి కట్నం వచ్చింది, మారుమనువు నామోషీ అయింది. పై కులం వాళ్ళలా బతకడమే మర్యాద అనుకున్నారు, ఆ మర్యాదలో మొదట కట్టేసింది ఆడవాళ్ళనే. నా క్లాసులో మొదటితరం చదువుకున్న అమ్మాయిలు ఉండేవారు. ఒకమ్మాయి డిగ్రీ రెండో ఏడులో ఏడుస్తూ వచ్చింది. “మేడమ్, నేను ఎమ్మెస్సీ చదివితే ఎమ్మెస్సీ చదివినవాణ్ణి తేవాలంట, అంత కట్నం మా నాన్న ఇవ్వలేడంట. ఇక్కడితో ఆపేయమంటున్నాడు.” ఆ తండ్రి చెడ్డవాడు కాదు, కూతుర్ని ఎంతో ప్రేమగా చూసుకునే మనిషి. ఆ లెక్కకి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ అమ్మాయి ఆపేసింది.

హైదరాబాదులో ఇంజనీరింగు చదివి, రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళిన అమ్మాయిల్ని తీసుకోండి. భర్తది హెచ్1బి ఉద్యోగ వీసా, భార్యది అతని మీద ఆధారపడ్డ హెచ్4 వీసా. ఆ హెచ్4 మీద 2015 మే దాకా ఉద్యోగం చెయ్యడానికే వీల్లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్ కార్డు కాగితం ఒక దశ దాటితేనే అనుమతి. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిన చేతులు ఏళ్ళ తరబడి సొంత బ్యాంకు ఖాతా లేకుండా ఉండిపోయాయి. అది అమెరికా చట్టం, మన మతం కాదు. కానీ ఆ వీసా మీద వెళ్ళడానికి పిల్లని ఒప్పించింది మాత్రం మన ఇళ్ళే. పెళ్ళయ్యాక ఉద్యోగం ఏముంది, భర్త ఎక్కడుంటే అక్కడే కదా అని. నా స్టూడెంట్లలో కొందరు అక్కణ్ణుంచి ఫోను చేసేవారు. పండక్కి ఏ పిండివంట చేశారో చెప్పి, చివర్లో చిన్నగా “మళ్ళీ ఏదన్నా చదవమంటారా మేడమ్?” అని అడిగేవారు.

ఇక మతం దగ్గరికి వస్తాను. నా స్నేహితురాలొకరు, హేతువాది, ఎప్పుడూ ఒకటే అడుగుతుంది. “ఆ తాంబూలం, ఆ బొట్టూ లేకపోతే ఏం పోయింది? ఆ పేరంటమే మానేస్తే సరిపోతుంది కదా?” ఆమె బతుకు ఆమె అలాగే బతికింది, గౌరవిస్తాను. కానీ మా అమ్మ నమ్ముతుంది. పొద్దున్నే దీపం పెట్టకుండా కాఫీ తాగదు. ఆవిడని ఆ గుమ్మంలోంచి తరిమేసిన వాళ్ళని వదిలేసి, ఆవిడనే ఆ నమ్మకం వదులుకోమనడం న్యాయం కాదు. పైగా పేరంటం దేవుడికీ మనిషికీ మధ్య ఉన్నది మాత్రమే కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు నలుగురూ కూడే చోటు అది. అక్కడికి రావద్దంటే ఊళ్ళోంచి పొమ్మన్నట్టే.

పైగా మన మతచరిత్రలో తరిగొండ వెంగమాంబ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. బాల్యంలోనే భర్త పోయాడు. తల గొరిగించుకోమంటే ఒప్పుకోలేదు. వేంకటేశ్వరుడే నా భర్త అంది. తరిగొండ వదిలి తిరుమల కొండెక్కి, అక్కడ కూర్చుని కావ్యాలు రాసింది. ఇవాళ్టికీ తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో ఆవిడ పేరుతో ముత్యాల హారతి ఇస్తారు. కొండమీద రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆవిడ పేరే పెట్టారు. మా అమ్మని తీసుకుని తిరుమల వెళ్ళినప్పుడు ఆ భవనంలో కూర్చుని భోంచేశాం. ఒక వితంతువు పేరు రాసిన గుమ్మంలోంచి లోపలికి నడిచి, ఒక వితంతువు అన్నం తింది, దాన్నెవరూ అశుభం అనలేదు. అదే మనుషులు కొండ దిగి ఇంటికొచ్చాక గృహప్రవేశానికి ఎవరిని ముందు నడిపించాలో మళ్ళీ పాత లెక్కే వేస్తారు. వెంగమాంబకి పూజ చేసి, వెంగమాంబ చేసిన పనిని మాత్రం మరిచిపోయాం.

ఇది ఒక్క మతం సంగతి కాదు. తండ్రి ఆస్తిలో కూతురికి ఇంత వాటా అని ఖురాన్ చెప్పింది. కొడుకు వాటాలో సగమే, కానీ చెప్పింది. అన్నదమ్ములున్న హిందూ ఆడపిల్లకి ఆ మాత్రం వారసత్వం కూడా 1956 దాకా చట్టంలో లేదు. అదే ముస్లిం సమాజంలో ఒకే ఊపులో మూడుసార్లు తలాక్ చెప్పి భార్యని పంపేయడం 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా చెల్లింది. అమెరికా లూథరన్ మిషన్ డాక్టరు ఆనా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చి ఆడవాళ్ళకి వైద్యం చేసింది. మిషన్ బడులు మాల మాదిగ వాడల్లో ఆడపిల్లలకి పలకలిచ్చాయి, అప్పటికి ఇంకెవరూ ఇవ్వలేదు. అదే క్రైస్తవ స్త్రీ విడాకులు కోరితే, భర్త వ్యభిచారం ఒక్కటే చూపిస్తే చాలదు, దానికి తోడు క్రూరత్వమో వదిలేసిపోవడమో కూడా రుజువు చెయ్యాలని 1869 నాటి చట్టం అనేది. భర్తకయితే మొదటిది ఒక్కటే చాలు. ఆ తేడా పోయింది 2001లో. ఏ మతమైనా ఒక చేత్తో ఇచ్చింది, ఇంకో చేత్తో పట్టుకుంది. పట్టుకున్నచోటల్లా పుస్తకానికి అర్థం చెప్పే చెయ్యి మగవాడిది.

అందుకే తలాక్ కేసులో నాకు తీర్పుకంటే ముఖ్యమనిపించింది ఇంకొకటి. కోర్టుకెళ్ళిన వాళ్ళలో భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ అనే సంఘం ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు మతం వద్దనలేదు. మేము ఖురాన్ చదివాం, ఇందులో ఈ తలాక్ లేదు, చూపించండి అన్నారు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వితంతు వివాహానికి పరాశరస్మృతి శ్లోకం ఎత్తి చూపించినప్పుడు అది ఒక పండితుడు పండితులతో చేసిన వాదం. ఇక్కడ ఆ పుస్తకం ఆడవాళ్ళే తెరిచారు. చదువు ఇలా పనిచేసినప్పుడు స్త్రీవాదం అంటాను నేను. డిగ్రీ కాగితం పెట్టెలో పెట్టుకుని, పంతులుగారేమంటారో అని ఎదురుచూడడాన్ని అలా అనలేను.

నా జీవితకాలంలో చదువు ఆడవాళ్ళ నోట మాటై బయటికొచ్చిన రోజు ఒకటుంది. 1992, నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిబడులు పెట్టారు. పగలంతా కూలికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళు లాంతర్ల కింద కూర్చున్నారు. వాచకంలో ఒక పాఠం తాగుబోతు భర్త ఉన్న ఇల్లాలి కథ. అది చదువుతుంటే వాళ్ళకి అక్షరాల కంటే ముందు తమ ఇల్లే కనబడింది. ఇది మా కథే అన్నారు. సారా దుకాణం ఊళ్ళో ఎందుకుండాలి అన్నారు. రోసమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. దుకాణాలు మూయించారు, వేలంపాటలు ఆపించారు, ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం. అది 1997లో సడలిపోయింది, ఆ బాధ వేరే రాయాలి.

వాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళు లేరు. చాలామంది అప్పుడప్పుడే సంతకం నేర్చుకుంటున్నారు. మా కాలేజీలో లెక్చరర్లం పదిమందిమి స్టాఫ్ రూములో పేపరు చదువుతూ ఆశ్చర్యపోయాం. మేము పాతికేళ్ళు చదివినా ఇంట్లో అడగలేని ప్రశ్న వాళ్ళు ఆరునెలల్లో నడివీధిలో అడిగారు. ఎందుకంటే ఆ చదువు ఎవరి మెప్పుకోసమూ కాదు. తమ బతుకు గురించి ఆడవాళ్ళందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్న చదువు అది. మా చదువులో పక్కవాళ్ళ ర్యాంకు ఉంది, పరీక్ష ఉంది, హాస్టల్ గేటుకి సాయంత్రం ఆరింటికి తాళం ఉంది. మా బతుకు గురించిన పాఠం లేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మా అమ్మ ఒక కాగితం మీద సంతకం పెట్టింది, 1978లో. తాతయ్య 1958లో పోయాడు కాబట్టి 1956 చట్టం ప్రకారం ఆయన వాటాలో అమ్మకీ భాగం ఉంది. మామయ్యలు హక్కు వదులుకుంటున్నట్టు కాగితం రాయించి తెచ్చారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. సర్వే నంబరులో ఒక అంకె తప్పుంటే చూపించింది కూడా. సంతకం పెట్టింది. ఎందుకు పెట్టావమ్మా అంటే, “పండక్కి వెళ్ళడానికి పుట్టిల్లు ఉండాలి కదే” అంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కిచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2005లో, దేశమంతా ఆ హక్కు వచ్చింది. తండ్రి 2005కి ముందే పోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. చట్టం ఇంత దూరం నడిచింది. మన ఊళ్ళలో మాత్రం కూతురికిచ్చిన పొలాన్ని ఇవాళ్టికీ ‘పసుపు కుంకుమ కింద ఇచ్చాం’ అంటారు. కొడుక్కి వచ్చేది ఆస్తి. కూతురికి వచ్చేది పసుపు కుంకుమ. అంటే ఆమెకి ఉన్నది హక్కు కాదు, ముత్తైదువతనానికి ఇచ్చిన కానుక. ఆ మాటలోనే మతం కూర్చుని ఉంది. కానుక మీద ఎవరు పోట్లాడతారు? అడిగితే ఆశపోతు అంటారు, అన్నదమ్ముల్ని కోర్టుకి లాగిందంటారు. అమ్మ ఆ కాగితం చదవలేక సంతకం పెట్టలేదు. చదివి, అర్థం చేసుకుని, భయపడి పెట్టింది.

అంబేద్కర్ ఈ ఆస్తి, విడాకుల హక్కులన్నీ ఒకే హిందూ కోడ్ బిల్లుగా తేవాలనుకుంటే ధర్మం మంటగలిసిపోతుందని గోల చేశారు. బిల్లు ముందుకి సాగక 1951లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ బిల్లు కోసం నిలబడ్డ వాళ్ళలో మన దుర్గాబాయమ్మ, దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఉంది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, పెద్దయ్యాక ఆ పెళ్ళి నాకు వద్దని చెప్పి బయటికొచ్చిన మనిషి. చదువుకుని తన కాళ్ళ మీద నిలబడడంతో ఆగలేదు, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళ కోసం మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. ఆవిడ జీవితం పాఠ్యపుస్తకాల్లో ‘సంఘసేవకురాలు’ అన్న ఒక్క మాటలో ముగిసిపోతుంది. ఆవిడ వద్దన్న ఆ పెళ్ళి గురించి ఏ పాఠమూ చెప్పదు. ఆడపిల్లలకి నేర్పవలసిన పాఠం అదే కదా!

మా వాళ్ళు అంటారు, ఇవన్నీ ఒక్కరోజులో మారతాయా అని. 2022 మే నెలలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్ళో గ్రామపంచాయతీ కూర్చుని తీర్మానం చేసింది. ఇకమీదట మా ఊళ్ళో భర్త పోయిన ఆడదాని గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంపడం ఉండవు అని. అలాగే చెయ్యండని ప్రభుత్వం మిగతా పంచాయతీలకీ చెప్పింది. పీఠాధిపతులెవరూ చేసిన పని కాదది. వార్డు మెంబర్లు చేతులెత్తి చేసిన పని. వేలమంది మహిళా సర్పంచులున్న మన రెండు రాష్ట్రాల్లో, స్వయం సహాయక సంఘాలు లేని ఊరు లేని మన దగ్గర, ఈ తీర్మానం ఎందుకు కాకూడదు? పొదుపు లెక్కలు రాసే రిజిస్టరులోనే ఒక పేజీ చాలు.

నేను పంచాయతీ మెంబర్ని కాను. నా చేతిలో ఉన్నది నా ఇల్లు. నిరుడు శ్రావణంలో మా కోడలు మొదటిసారి వ్రతం చేసుకుంటానంది. వీధిలోవాళ్ళని, తన ఆఫీసు స్నేహితుల్ని పిలుచుకుంది. పిలిచేటప్పుడు భర్త ఉన్నవాళ్ళూ, పోయినవాళ్ళూ, విడిపోయినవాళ్ళూ, పెళ్ళే చేసుకోనివాళ్ళూ అని తను విడదియ్యలేదు. నేను చెప్పలేదు, తనే. కథ చదవడానికి మాత్రం సెల్‌ఫోన్లో పెడదామనుకుంది. నేను పూజగదిలోకి వెళ్ళి అమ్మ పాత పుస్తకం తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

అమ్మ ఆ పుస్తకాన్ని చాలాసేపు చూసింది. “నేనెందుకే, కొత్త కోడలు, శుభమా అని...” అంది. కోడలు లేచి వచ్చి తోరం పట్టుకుని అమ్మమ్మగారూ చెయ్యివ్వండి అంది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత అమ్మ కుడిచేతికి తోరం కట్టారు. ముడి వెయ్యడం కోడలికి సరిగ్గా రాకపోతే అమ్మే రెండో కొస పట్టుకుని బిగించింది.

వచ్చినవాళ్ళలో ఇద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకావిడ వాయనం తీసుకోకుండానే వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు అక్షతలు పట్టుకుని కూర్చున్నారు.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టింది. గొంతు మొదట్లో వణికింది. చారుమతి కల దగ్గరికి వచ్చేసరికి నిలదొక్కుకుంది. గజ్జెలు ఘల్లుమన్న చోట పైకి లేచింది. మధ్యలో ఒకచోట ఆగి, పుస్తకాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, “ఇక్కడ ఒత్తు తప్పు పడింది, పెన్ను ఇలా ఇవ్వు” అంది.